పావుగంట ముందు

ఏప్రిల్ 12, శుక్రవారం

పనులు పదకొండు, అయినవి తొమ్మిది. బట్టలు, దేవుడి సామాను, కందిపప్పు ఎండబెట్టడం, అమ్మాయి ఇంద్రాణి పరుపు దులపడం, గ్యాస్ బుక్ చేయడం, రైతుబజారు (బీరకాయలు, చింతచిగురు, నిమ్మకాయలు), వంటింటి అలమర, మా ఆయన చొక్కాల బొత్తాలు, జిరాక్సులు. కుట్టుమిషను కింద ఊడవలేదు. అక్కకు ఫోన్ చేయలేదు.

ఎల్లుండి మీటింగుకు జిరాక్సులు ఇరవై, ఫ్లాటుకొకటి.

ఫిబ్రవరి ఒకటిన నీళ్ళు వంతులవారీగా వదలడం మొదలైంది. ఇవాళ్టికి డెబ్బై రెండు రోజులు. ఏ లైనుకు ఎంతసేపు వచ్చాయో పుస్తకంలో రాయడం ఒక్క రోజు కూడా మానలేదు, జ్వరం వచ్చిన రెండు రోజులతో సహా. ఒప్పందం ప్రకారం పొద్దున ఐదింటికి ఎడమ లైను వాల్వు తిప్పాలి, మాది అదే. యాభై నిమిషాలకు అది కట్టేసి కుడి లైను తిప్పాలి, దానికీ యాభై నిమిషాలే. తిప్పేది అసోసియేషన్ సెక్రటరీ అంతయ్య గారు. ఆయన ఇల్లు మా ఎదురుగానే, కుడి లైనులో.

నా పద్ధతి మారలేదు. వంటింటి కుళాయి బుస్సుమని నీళ్ళు రాగానే గోడ గడియారం చూసి రాస్తాను. బాల్కనీలో బట్టలు జాడిస్తుండగా ధార ఆగిపోతుంది, అప్పుడు సెల్లు చూసి రాస్తాను. మా ఆఖరు, కుడి లైను వాళ్ళ మొదలు అదే. కుడి లైను కట్టేశాక అంతయ్య గారు మేడ దిగి వంటింటి కిటికీ ముందునుంచి వెళ్తారు. అప్పుడు మళ్ళీ గోడ గడియారం చూసి వాళ్ళ ఆఖరు రాస్తాను.

మాకు ముప్పై అయిదు నిమిషాలు, వాళ్ళకు అరవై అయిదు. ఏ రోజైనా ఇంతే, మహా అయితే ఒక నిమిషం అటూ ఇటూ. ఐదింటి వాల్వు ఏనాడూ ఐదుంపావుకు ముందు తిప్పలేదు. రోజుకు అరగంట తేడా. మొత్తం ముప్పై ఆరు గంటలు.

ఇలాంటివి నోటితో చెప్తే గొడవ అంటారు. కాగితం మీద ఉంటే లెక్క.

ఏప్రిల్ 13, శనివారం

పనులు తొమ్మిది. అన్నీ అయ్యాయి.

మధ్యాహ్నం అంతయ్య గారి భార్య తిరుపతమ్మ వదిన చింతపండు బుట్ట తెచ్చుకుంది. ఇద్దరం వరండాలో కూర్చుని గింజలు తీశాం. ఏటా చేసే పనే, పదకొండేళ్ళుగా. చింతపండు ఆమెది, పీట నాది.

"మీ అన్న మోకాళ్ళు టక్కుటక్కుమంటున్నయ్ వదినా. ఐదు అంతస్తులెక్కి, గా నిచ్చెనెక్కి వాల్వు తిప్పుడు గాయనతోని అయితలేదు. ఇడిసిపెట్టయ్యా అంటే ఇనడు. ముప్పై ఏండ్లు ఆర్టీసీల టైంకు బస్సు తీసినోన్ని, నీళ్ళు టైంకు తియ్యనా అంటడు."

లోపలికి వెళ్ళి నొప్పుల మందు తెచ్చి ఇచ్చాను. అలమర తెరిస్తే జిరాక్సులు కనబడ్డాయి. ఆమెకు ముందు చెప్పొచ్చు. చెప్తే సర్దేస్తారు. వారం రోజులు సరిగ్గా తిప్పి మళ్ళీ మామూలే. పైగా నా పుస్తకమే తప్పంటారు.

చెప్పలేదు. పోతూ పోతూ నా చేతిలో సకినాల డబ్బా పెట్టింది.

ఇంద్రాణికి దిల్‌సుఖ్‌నగర్ కోచింగులో ఇరవై ఎనిమిదిన బృందచర్చ ఉందట. అంశం: పెర్ల్ హార్బర్ మీద జపాన్ చేసిన మెరుపుదాడి వ్యూహాత్మక తప్పిదమా? తనకు ‘తప్పిదమే’ అనే పక్షం వచ్చింది. నన్ను అవతలి పక్షం వాదించమంది.

"అవతలి పక్షం ఎందుకు వాదిస్తారే ఎవరైనా?"

"దానికీ వాదన ఉందమ్మా. జపాన్‌కు నూనె అమ్మడం అమెరికా ఆపేసింది. రెండేళ్ళకు కూడా సరిపోని నిల్వ. ఊరుకుంటే ఓడలు ఆగిపోతాయి. ఓ పక్క చర్చలు జరుగుతూనే ఉన్నాయి, ఇంకో పక్క ఓడలు బయల్దేరాయి. ఆదివారం పొద్దున్నే కొట్టారు."

ఆదివారమా అని అడిగాను. ఎందుకడిగావు అంది. ఊరికే అన్నాను.

ఏప్రిల్ 14, ఆదివారం

మీటింగు కింద పార్కింగులో. ఇరవైకి పదిహేడు ఫ్లాట్ల వాళ్ళు వచ్చారు. ప్రెసిడెంటు వెంకటేశ్వరరావు గారు లిఫ్టు గురించి, కుక్కల గురించి మాట్లాడి "ఇంకేమైనా?" అన్నారు. నేను లేచి కాగితాలు పంచాను.

తేదీలవారీగా చదివాను. పదో తేదీ దగ్గరికి వచ్చేసరికి అందరూ కాగితాల మీదికి వంగారు. ఎడమ లైను వాళ్ళు వేళ్ళతో లెక్కపెట్టుకుంటున్నారు. "ముప్పై ఆరు గంటల నీళ్ళు" అనగానే నాలుగో అంతస్తు కృష్ణకుమారి గారు "అమ్మో, అందుకా మా గీజరు నిండట్లేదు!" అన్నారు. అక్కడినుంచి అందరూ అందుకున్నారు.

అంతయ్య గారు కాగితం దూరం పట్టుకుని చదివారు, కళ్ళజోడు తెచ్చుకోలేదు.

"నేను గడియారం జూస్కునే తిప్పిన" అన్నారు.

"నేనూ గడియారం చూసే రాశాను" అన్నాను.

నవ్వారు ఎవరో. అంతయ్య గారు జేబులోంచి వాల్వు గది తాళంచెవులు తీసి వెంకటేశ్వరరావు గారి ముందు బల్ల మీద పెట్టారు. రిజిస్టరు పెట్టారు. చెప్పులు వేసుకుని లిఫ్టు కోసం ఆగకుండా మెట్లెక్కి వెళ్ళిపోయారు.

తిరుపతమ్మ వదిన ఉండిపోయింది. నా దగ్గరికి వచ్చింది.

"నిన్న చింతపండు తీసుకుంట కూసున్నప్పుడు ఈ కాయితాలు నీ ఇంట్లనే ఉన్నయా వదినా?"

ఉన్నాయన్నాను. అబద్ధం చెప్పను కదా.

"ఒక్క మాట నా చెవులేస్తే ఏం పోయె" అని వెళ్ళిపోయింది.

పద్నాలుగు ఫ్లాట్లు నా వైపు. గెలిచినట్టే. ఇంటికొచ్చాక మా ఆయన "అంత అవసరమా?" అన్నారు. ఉందన్నాను. పనులు రాసుకోలేదు ఇవాళ.

ఏప్రిల్ 15, సోమవారం

లెక్క తప్పదు. రెండుసార్లు మళ్ళీ కూడాను.

ఏప్రిల్ 17, బుధవారం

శ్రీరామనవమి. పానకం, వడపప్పు చేశాను. ఏటా ఎదురింటి నుంచి పానకం చెంబు వచ్చేది, ఇటునుంచి వడపప్పు వెళ్ళేది. గిన్నెలో పెట్టి మూతవేసి తలుపు దాకా వెళ్ళాను. వాళ్ళ తలుపు వేసి ఉంది. వెనక్కి వచ్చాను. సకినాల డబ్బా కూడా ఇంకా ఇక్కడే ఉంది. ఖాళీగా ఇవ్వకూడదు, ఏం పెట్టివ్వాలో తోచడం లేదు.

బీన్స్ తరుగుతూ ఇంద్రాణితో వాదించాను.

"ఎనిమిది యుద్ధనౌకల్ని కొట్టారు" అంది. "బయటికి గొప్ప విజయం. కానీ అందులో ఆరింటిని అమెరికా మళ్ళీ బాగుచేసుకుంది. అసలు పెద్ద దెబ్బ ఏది? అక్కడున్న చమురు ట్యాంకులు. వాటిని ముట్టుకోలేదు. మరమ్మతు యార్డు ముట్టుకోలేదు. విమానాలు మోసే ఓడలు ఆ రోజు రేవులోనే లేవు. కనబడ్డవాటిని కొట్టి, పని నడిపేవాటిని వదిలేశారు."

"ఏం చేయమంటావు మరి? నీళ్ళు ఆపేస్తే చేతులు కట్టుకుని కూర్చుంటారా?"

"నీళ్ళు కాదమ్మా. నూనె."

"అదే."

"ముందురోజుదాకా యుద్ధం మనకెందుకు అన్నవాళ్ళే అమెరికాలో ఎక్కువ. మర్నాటికి దేశమంతా ఒక్కటైంది. ఒక్క పొద్దుటితో. కొట్టకపోయినా ఓడిపోయేవాళ్ళేమో, చెప్పలేం. ఇలా కొట్టడం వల్ల మాత్రం రాజీకి దారి మూసుకుపోయింది."

చెప్పి కొడితే ఎదుటివాడు సిద్ధమైపోడా అన్నాను. అవునంది. అందుకే నీ పక్షంలో కూడా బలం ఉంది అంది. బీన్స్ మరీ సన్నగా తరిగేశాను.

ఏప్రిల్ 20, శనివారం

పనులు పన్నెండు. అయినవి ఏడు.

ఆరు రోజులుగా వాల్వు తిప్పే మనిషి లేడు. ఒక రోజు కృష్ణకుమారి గారి భర్త మర్చిపోయారు, ఇంకో రోజు రెండు లైన్లూ ఒకేసారి తిప్పారు. వెంకటేశ్వరరావు గారు వచ్చి తాళంచెవులు నా చేతిలో పెట్టారు.

"లెక్కలు తెలిసినవారు మీరే కదమ్మా. ఇక మీరే చూసుకోండి."

చూసుకుంటాను. నావైపు ఎవరూ వేలెత్తి చూపకూడదు, అందుకని ఇంద్రాణిని రోజూ రాయమన్నాను, అదే పుస్తకంలో, అదే పద్ధతిలో. మొదలు వంటింట్లో, ఆగడం బాల్కనీలో, నేను కిటికీ ముందునుంచి వెళ్ళగానే ఆఖరు. ఒక్కటి కూడా మార్చొద్దన్నాను. సెల్లులో ఐదింటికి ఒక అలారం, ఐదూ యాభైకి ఇంకోటి, ఆరూ నలభైకి ఇంకోటి పెట్టుకున్నాను.

ఏప్రిల్ 23, మంగళవారం

ఆ నిచ్చెన పన్నెండు మెట్లు. నాలుగోది ఊగుతుంది. అంతయ్య గారు ఎప్పుడూ చెప్పలేదు.

ఏప్రిల్ 26, శుక్రవారం

సంపు అడుగంటింది. ట్యాంకరు బుక్ చేస్తే ఎల్లుండి అంటున్నారు. మున్సిపల్ లైన్‌మన్ ఎవరో ఎవరికీ తెలియదు. ఆ నంబర్లన్నీ అంతయ్య గారి ఫోనులో ఉన్నాయి. ఏ డ్రైవరు ఎన్నింటికి ఎల్బీనగర్ సర్కిల్ దాటతాడో, ఎవరికి ఫోన్ చేస్తే బండి ఇటు తిరుగుతుందో ఆయనకే తెలుసు.

నా డెబ్బై రెండు రోజుల పుస్తకంలో ఇదేదీ లేదు.

వెళ్ళి అడగొచ్చు. అడగలేదు. రిజిస్టరులో నంబర్లు రాయకపోవడం ఆయన తప్పు. కిందా మీదా అందరూ ఇప్పుడు నన్నే చూస్తున్నారు. కృష్ణకుమారి గారు లిఫ్టులో "అప్పుడు అరగంట తక్కువైనా వచ్చేవి, ఇప్పుడు అసలే లేవు" అన్నారు. నా వైపు నిలబడ్డ పద్నాలుగు ఫ్లాట్లలో ఆవిడదీ ఒకటి.

ఏప్రిల్ 28, ఆదివారం

పొద్దున ఇంట్లో ఒక్క చుక్క లేదు. ఇంద్రాణి తొమ్మిదింటికి బయల్దేరాలి. తలస్నానం చేస్తానంది. ఫిల్టరులో మిగిలిన నీళ్ళతో మొహం కడుక్కోమని చెప్పి పాల ప్యాకెట్టు కోసం తలుపు తీశాను.

గుమ్మం పక్కన రెండు స్టీలు బిందెలు. నిండుగా, పైన పళ్ళేలు మూతపెట్టి. మెడ దగ్గర చెక్కిన పేరు: టి. అంతయ్య. వాళ్ళ గృహప్రవేశానికి వచ్చిన బిందెలు.

వాచ్‌మన్ భార్య పెంటమ్మ మెట్లు ఊడుస్తోంది. అడిగాను.

"ఎనక గల్లీ బోరుకాడికెళ్ళి అంతయ్య సారే మోసుకొచ్చిండు. నాలుగు తెచ్చిండ్రు, రెండు మీకు పెట్టుమన్నది తిరుపతమ్మక్క. పాప పరీక్షకు పోతదంట గదా."

"ఏమైనా అందా?"

"ఏమంటది? జప్పన పెట్టి రా, తలుపు కొట్టకు అన్నది."

ఇంద్రాణి తలస్నానం చేసి ఆటో ఎక్కింది. సాయంత్రం నవ్వుతూ వచ్చింది. "నువ్వు వాదించినవే అవతలివాళ్ళు వాదించారమ్మా. అన్నిటికీ జవాబు ముందే ఉంది నా దగ్గర." చివర్లో సార్ అడిగిన ఒక్క ప్రశ్నకే చెప్పలేకపోయిందట: దాడి తప్పని తెలిసిన నాడు, దాడి చేసినవాళ్ళు ఏం చేసి ఉండాలి?

"నువ్వేం చెప్పావు?"

"టైమైపోయింది."

ఇవ్వవలసినవి: తిరుపతమ్మ వదినకు రెండు బిందెల నీళ్ళు, సకినాల డబ్బా. నీళ్ళు లేకుండా ఆ బిందెలు ఇవ్వలేను. వంటింట్లో పొయ్యి పక్కన పెట్టాను. ఎటు తిరిగినా ఆ పేరు కనబడుతోంది.

ఏప్రిల్ 29, సోమవారం

నిన్న రాత్రి ట్యాంకరు వచ్చింది. నీళ్ళు రాని రెండు రోజులు తీసేసి, ఇంద్రాణి రాసిన వారం లెక్క కూడాను.

ఎడమ లైను ముప్పై అయిదు నిమిషాలు. కుడి లైను అరవై అయిదు.

వాల్వు తిప్పింది నేను. అలారం పెట్టుకుని తిప్పాను. యాభైకి యాభై.

ఇంద్రాణి తప్పు రాసిందనుకున్నాను. మొదటి అంకెలు చూశాను: 5.15, 5.15, 5.16. ఐదింటికి నేను వాల్వు దగ్గర ఉన్నాను. ఐదుంపావు అని ఎవరు చెప్పారు దానికి?

తలెత్తి గోడ గడియారం చూశాను. తర్వాత సెల్లు.

మా ఆయన కోఠీ బస్సు తప్పిపోకుండా నేనే పెట్టాను, పావుగంట ముందుకు. పదకొండేళ్ళయింది, ఈ ఇంట్లో చేరిన నెలలోనే. అది చూసి ఇంట్లో అందరం మనసులో పావుగంట తీసేసుకుంటాం, తీసేస్తున్నామని కూడా గుర్తుండదు. మనసు తీసేసింది. పుస్తకం తీయలేదు. మా లైను మొదలు ముందుకెళ్ళిన గడియారంలో, ఆఖరు సరైన గడియారంలో. మాకు పావుగంట తగ్గింది. వాళ్ళ మొదలు సరైన దానిలో, ఆఖరు ముందుకెళ్ళిన దానిలో. వాళ్ళకు పావుగంట పెరిగింది. డెబ్బై రెండు రోజులు, ఒక్క రోజు కూడా మానకుండా.

అంతయ్య గారు ఐదింటికే తిప్పారు, ప్రతి రోజూ. ఆ మోకాళ్ళతో, ఆ నాలుగో మెట్టు మీదుగా.

ఏప్రిల్ 30, మంగళవారం

గడియారం సరిచేశాను. ఎవరికీ చెప్పలేదు.

మా ఆయన బస్సు తప్పిపోయింది. తిరిగొచ్చి "గడియారం నెమ్మదించిందా?" అన్నారు. బ్యాటరీ అన్నాను.

మే 1, బుధవారం

పనులు ఆరు. అయినవి రెండు.

ఎవరికీ తెలియదు. ఇంద్రాణి లెక్క కూడలేదు, రాసిందంతే. పుస్తకం ఉన్నది నా అలమరలో. ఎండలు తగ్గితే నీళ్ళు వస్తాయి, వంతులు పోతాయి, అందరూ మర్చిపోతారు. అంతయ్య గారికి విశ్రాంతి కూడా దొరికింది. వదినే అంది కదా, ఇడిసిపెట్టమంటే వినడని. ఒక రకంగా మంచే జరిగింది.

ఇది రాసి నాలుగుసార్లు చదువుకున్నాను.

మే 2, గురువారం

మంచి జరగలేదు.

మే 4, శనివారం

పొద్దున ఇంద్రాణి తన నోట్సు సర్దుకుంటుంటే అడిగాను, ముందుగా ఏమీ చెప్పకుండానే కొట్టారా వాళ్ళు అని.

"చర్చలు ఇక లేవని చెప్పే ఉత్తరం ఒకటుందమ్మా. వాషింగ్టన్‌లో మధ్యాహ్నం ఒంటిగంటకు ఇవ్వాలని ఏర్పాటు. టైపు కొట్టడం ఆలస్యమై రెండు దాటాక ఇచ్చారు. అప్పటికి బాంబులు పడి గంటయింది. ఓడలు పోయినదానికన్నా ఆ గంటకే ఎక్కువ మండిపడ్డారు జనం."

రేపు మీటింగు. ఈసారి ముందు చెప్పాలి.

పదకొండింటికి ఎదురింటి తలుపు కొట్టాను. తిరుపతమ్మ వదిన సగమే తీసింది.

"రేపు మీటింగులో చెప్తాను. అంతకుముందు మీకు చెప్పాలని వచ్చాను. నా లెక్క తప్పు. మా గోడ గడియారం పావుగంట ముందుంటుంది. అన్నయ్య గారు సరిగ్గానే తిప్పారు."

లోపల సోఫాలోంచి అంతయ్య గారి గొంతు వినబడింది.

"ఎంతనో ముందు?"

"పావుగంట అన్నయ్య గారూ."

"పావుగంట" అన్నారాయన. "పావుగంట ముందు బస్సు తీస్తే నాకు మెమో ఇస్తుండిరి" అన్నారు.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తిరుపతమ్మ వదిన మాత్రం నవ్వలేదు.

"నువ్వు లెక్క తప్పినవని కాదు వదినా నా బాధ. ఎవరైన తప్పుతరు. ఎదురుగ కూసోని చింతపండు తీసినవ్. గది నేనెట్ల మర్వాలె?"

దీనికి నా దగ్గర ఏ కాగితమూ లేదు. "మర్చిపోమనను" అన్నాను. తలుపు మెల్లగా వేసింది.

మే 5, ఆదివారం

పార్కింగు. పందొమ్మిది ఫ్లాట్ల వాళ్ళు వచ్చారు. అంతయ్య గారూ వదినా వెనక వరసలో కూర్చున్నారు.

గడియారం గోడ మీదినుంచి తీసి పట్టుకెళ్ళాను, మళ్ళీ పావుగంట ముందుకు తిప్పి. బల్ల మీద పెట్టి పక్కన సెల్లు పెట్టాను. వెంకటేశ్వరరావు గారు ఒకసారి ఇటు, ఒకసారి అటు చూశారు. "ముప్పై ఆరు గంటలు ఎవరూ తీసుకోలేదు. అవి నా వంటింట్లో పుట్టాయి" అన్నాను. అంతయ్య గారి పేరు పెట్టి క్షమాపణ అడిగాను. ఎవరో నవ్వారు, ఆ రోజు నవ్విన గొంతే.

తాళంచెవులు ఆయనకివ్వబోయాను. తీసుకోలేదు.

"ఉండనీ. నా మోకాళ్ళు మంచిగున్నయనుకుంటున్నవా?" అని, తన ఫోను తీసి లైన్‌మన్ నంబరూ ట్యాంకరు డ్రైవరు నంబరూ చెప్పారు. పుస్తకంలో రాసుకున్నాను. సాయంత్రం నాలుగింటికల్లా ట్యాంకరు వచ్చింది.

మే 6, సోమవారం

ఐదవబోతుండగా మేడ మీదికి వెళ్ళేసరికి అంతయ్య గారు నిచ్చెన కింద నిలబడి ఉన్నారు. నాలుగో మెట్టుకు తీగ చుట్టి ఉంది. నేను వాల్వు మీద చెయ్యి వేశాను.

"ఇంకో నిమిషమున్నది" అన్నారు, చేతి గడియారం చూస్తూ.

ఆగాను. నిమిషమయ్యాక తిప్పాను.

మే 7, మంగళవారం

పనులు పది. అయినవి పది. బట్టలు, దేవుడి సామాను, కుట్టుమిషను కింద, అక్కకు ఫోను, బియ్యం ఏరడం, అరిసెలు, ఇంద్రాణి చున్నీలు, గడియారం సరిచేసి మేకుకు తగిలించడం, మా ఆయనకు ఇకనుంచి గడియారం నిజమే చెప్తుందని చెప్పడం, ఎదురిల్లు.

సాయంత్రం పెద్ద వాన. పార్కింగులో మోకాలిలోతు నీళ్ళు, పైన కుళాయిల్లో సన్నటి ధార. మా వంతులో పట్టిన నీళ్ళతో రెండు బిందెలూ నింపాను. ఒకటొకటిగా మోసుకెళ్ళి గుమ్మం దగ్గర దించాను. డబ్బాలో అరిసెలు పెట్టాను.

ఈసారి తలుపు కొట్టాను.

తిరుపతమ్మ వదిన వచ్చింది. బిందెలు చూసింది. డబ్బా మూత తీసి చూసింది.

"ఎప్పుడు జేసినవ్?"

"పొద్దున పదింటికి."

"ఏ గడియారంల?" అంది.

మొహంలో నవ్వు లేదు. కానీ తలుపు పూర్తిగా తీసింది. ఒక బిందె తాను ఎత్తుకుని, రెండోది నన్ను తెమ్మని కళ్ళతో చూపించింది. వాళ్ళ వంటింట్లో దించాను. ఒక అరిసె తుంచి నోట్లో వేసుకుని "పాకం జర ముదిరింది" అంది. కూర్చోమనలేదు. ఇంకో ముక్క తుంచింది. నేను వచ్చేశాను.

మర్చిపోమని అడగలేదు. అది ఆమె లెక్క, నా పుస్తకంలోకి రాదు.

ఇవ్వవలసినవి: తిరుపతమ్మ వదినకు రెండు బిందెల నీళ్ళు, ఒక డబ్బా. ఇచ్చాను. చెల్లు.